ఆ గోడలో పైపే లేదు

మా వీధి చివర మలుపులో ఒక మేడ ఉంది. ఆ మేడ కింది వాటాలో, వెనకగది గోడలో, ఒక మనిషి ఉన్నాడని మా వీధిలో అందరికీ తెలుసు. పక్కింట్లో ఎవరు జ్వరంతో మూలుగుతున్నారో మావాళ్లకి తెలీదు గాని, గోడలో ఎవరున్నారో మాత్రం బాగా తెలుసు.

టీచరమ్మ మొగుడు.

ముప్పై ఏళ్ల కిందటి సంగతి. టీచరమ్మ అప్పుడు స్కూల్లో లెక్కలు చెప్పేది. మొగుడు ఏదో ఆఫీసులో గుమాస్తా. ఒక వారం ఆ ఇంట్లో పైపుల పని జరిగింది. అదే వారం వెనకగది గోడకి కొత్తగా ప్లాస్టరింగు చేశారు. ఆ ప్లాస్టరింగు తడి ఆరకముందే మొగుడు కనపడకుండా పోయాడు. ఊరెళ్లాడంది ఆవిడ. ఏ ఊరో చెప్పలేదు. వెళ్లినవాడు తిరిగి రాలేదు.

ఆరు నెలలకి గోడలోంచి తట్టడం మొదలైంది.

రోజూ కాదు. రోజు విడిచి రోజు. రాత్రి మూడు దాటాక — వీధి కుక్కలు కూడా పడుకున్న వేళ —

టక్.

మళ్లీ కాసేపు ఏమీ ఉండదు. భ్రమేమో అనుకుని దుప్పటి లాక్కునేలోగా...

టక్... టక్ టక్ టక్.

చివర్న, ఎవరో గొంతు నొక్కేస్తే అతికష్టం మీద ఊపిరి వదిలినట్టు, ఒక పొడుగాటి శబ్దం.

పై వాటాలో అద్దెకి దిగిన దర్జీ కుటుంబం నెల తిరక్కుండా ఖాళీ చేసింది. తర్వాత ఒక నర్సు పదిహేను రోజులుంది. కొత్తగా పెళ్లైన జంట రెండు రాత్రులుండి, మూడోనాడు పాలవాడికి కూడా చెప్పకుండా వెళ్లిపోయారు. టీచరమ్మ దగ్గర ట్యూషన్‌కొచ్చే పిల్లలు ఒక్కొక్కరే మానేశారు.

మా వీధిలో వ్యాయామశాల నడిపేవాడు ఒకడుండేవాడు. చలికాలంలో కూడా చేతుల్లేని బనీనుతో తిరిగేవాడు. కండలరాజు అనేవాళ్లం. పందెం కట్టి ఆ వెనకగదిలో ఒక్కడే పడుకున్నాడు. మూడూ పదికి బయటికొచ్చాడు. గేటు బార్లా తెరిచే ఉంది. అయినా ప్రహరీ దూకాడు. గోడలోంచి ఒక చెయ్యి బయటికొచ్చిందని, దానికి వాచీ కూడా ఉందని మర్నాడు చెప్పాడు. మేం నోరు తెరుచుకుని విన్నాం. ఆ వాచీలో టైమెంతైందో కూడా చూశావా అని ఒక్కరం అడగలేదు.

నేనూ అడగలేదు. ఇళ్లకి రంగులు వేసుకుని బతికేవాణ్ణి నేను. ఆ ఇంటికి రంగు వెయ్యమని టీచరమ్మ రెండుసార్లు కబురంపింది. రెండుసార్లూ నాకు నడుం నొప్పి వచ్చింది.

అప్పట్లో మందుల షాపాయన ఒక్కడు మాత్రం కాస్త బుర్ర పెట్టాడు. "మూడింటికే కదా మనకి కొళాయిలో నీళ్లు వదిలేది? అదీ రోజు విడిచి రోజే. పైపులో ఏదన్నా తేడా ఉందేమో చూపించండి," అన్నాడట టీచరమ్మతో. ఆవిడ వెంటనే పెద్దమేస్త్రికి కబురు చేసింది. ఆ ఇంట్లో పైపుల పని చేసింది ఆయనే మరి.

పెద్దమేస్త్రి వచ్చాడు. గుమ్మంలోంచే గోడ చూశాడు. లోపలికి కూడా అడుగు పెట్టలేదు.

"ఆ గోడలో పైపే లేదు," అన్నాడు. "బయట్నించి తిప్పాను. ఇది చెమ్మ పట్టిందని చేసిన ప్లాస్టరింగు, అంతే."

అని వెళ్లిపోయాడు. పైపు లేదని పెద్దమేస్త్రే అన్నాక ఇంకేముంది... గోడలో ఉన్నది మొగుడేనని ఖాయమైపోయింది.

* * *

పెద్దమేస్త్రి సంగతి కూడా చెప్పాలి. మా ఊళ్లో సగం ఇళ్లకి నీళ్లు ఆయన చేతుల మీదుగానే వచ్చాయి. ఎవరి పనీ ఆయనకి నచ్చదు. కొత్త ఇల్లు కట్టుకున్నవాళ్లు గొప్పగా పిలిచి చూపిస్తే, కొళాయి ఒకసారి తిప్పి, "ఏడ్చినట్టుంది," అని కట్టేసేవాడు. దెయ్యాలన్నా, దెయ్యాల్ని నమ్మేవాళ్లన్నా ఆయనకి ఒళ్లుమంట. ఆ మలుపు ఇంటి ఊసెత్తితే, "పనిలేని మొహాలు," అని ఉమ్మేసేవాడు.

అయితే ఒకటి. ఆ గోడ చూసి వెళ్లాక ఆ మలుపు మీదుగా ఆయన మళ్లీ ఎప్పుడూ నడవలేదు. అంగడికి వెళ్లాలన్నా వెనక వీధి చుట్టి వెళ్లేవాడు. మేం దాన్ని కూడా పొగరే అనుకున్నాం.

ఆయనకి ఒక్కతే కూతురు. తల్లి చిన్నప్పుడే పోయింది. నడక వచ్చిన దగ్గర్నుంచీ తండ్రి వెనకే పనులకి తిరిగేది. చేతిలో ఎప్పుడూ పైపులు బిగించే పానా ఒకటి పట్టుకునుండేది. అందుకని ఆ పిల్లని అందరం పానా అనే పిలిచేవాళ్లం. ఇప్పుడు నలభై దాటింది. మోకాళ్లు పట్టేసి తండ్రి ఇంట్లో కూచుంటే, పనంతా తనే చూసుకుంటోంది. ఇప్పటికీ పానాయే.

తండ్రి నేర్పిన పాఠాలు పానాకి నోటికొచ్చు. వాటిలో ఒకటి తొమ్మిదేళ్లప్పుడు నేర్చుకుంది. వాళ్ల అటక మీద రాత్రిపూట ఏదో ఈడ్చిన చప్పుడు. పిల్ల వణుకుతూ వచ్చి తండ్రిని లేపింది. ఆయన లేవలేదు. పడుకునే టార్చి చేతికిచ్చాడు.

"ఎక్కి చూడు."

"భయమేస్తోంది నాన్నా."

"వెయ్యనీ. భయపడుతూనే ఎక్కు. చప్పుడుకి దూరం నుంచి పేరు పెట్టకూడదు. దగ్గరికెళ్లి చూశాక పెట్టాలి."

ఎక్కింది. ఒక ఎలుక డబ్బా మూతని లాక్కుపోతోంది. దిగొచ్చి చెబితే, "సరే పడుకో," అన్నాడు. మెచ్చుకోవడం అనేది ఆయన ఒంట్లోనే లేదు.

ఇంకోటి పదిహేనేళ్లప్పుడు. ఎవరింట్లోనో వంటగది గోడలో పైపు వేసింది పానా. పైన ప్లాస్టరింగు కూడా అయిపోయింది. సాయంత్రం తండ్రి వచ్చి చూశాడు.

"పైపు ఊగకుండా క్లాంపులెన్ని పెట్టావు?"

"ఐదు."

"ఆరు పెట్టాలి."

"ఒక్కటే కదా నాన్నా. లోపలుంది, ఎవరికి కనపడుతుంది?"

ఆయన సుత్తి, ఉలి తెచ్చి చేతిలో పెట్టాడు. పనివాళ్లందరి ముందూ ఆ గోడ మొత్తం పానా చేతే పగలగొట్టించాడు. ఏడుస్తూ కొట్టింది. పక్కనే నిలబడి, "బయటి పని ఊరంతా చూస్తుంది. లోపలి పనికి నువ్వొక్కదానివే సాక్షి. సాక్షివి నువ్వే అబద్ధమాడితే ఇంకెవడు చెప్తాడు?" అన్నాడు.

ఆ మాట మీదే బతికింది పానా. మా ఊళ్లో ఆ పిల్ల మూసిన గోడని మళ్లీ తెరవాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. ఇది మాత్రం నేను వెటకారానికి చెప్పడం లేదు.

* * *

మొన్న వానల ముందు టీచరమ్మ పానాని పిలిపించింది. ఆవిడకిప్పుడు డెబ్బై. మనిషి సన్నబడింది గాని మాట మాత్రం ఇంకా బ్లాక్‌బోర్డు మీద సుద్దముక్కే.

"నా చెల్లెలు ఒంటరిదైపోయింది అమ్మాయ్. కాళ్లు సరిగా పనిచెయ్యవు. వచ్చి నాతో ఉండమన్నాను. వచ్చింది. ఒక్క రాత్రి ఉంది. తెల్లారి బండి పిలిపించుకుని వెళ్లిపోయింది. 'అక్కా, నువ్వెలా ఉంటున్నావే ఇక్కడ,' అని ఏడ్చింది." టీచరమ్మ వెనకగది తలుపు తోసి చూపించింది. "ఆ గోడ పగలగొట్టు. ఏముందో చూద్దాం. ఇద్దరు మేస్త్రీల్ని అడిగాను. రానన్నారు. నువ్వు కూడా రాననేటట్టయితే ఇప్పుడే చెప్పు, సుత్తి నేనే పట్టుకుంటాను."

"వస్తాను టీచరుగారూ. అయితే పగలు కాదు. చప్పుడు వచ్చేటప్పుడే చూడాలి."

ఆ సాయంత్రం ఇంట్లో చెప్పింది. పెద్దమేస్త్రి అన్నం తింటున్నాడు. చెయ్యి ఆగింది.

"దెయ్యాల వైద్యం ఎప్పుడు మొదలెట్టావు?" అన్నాడు.

"దెయ్యం లేదని నువ్వే కదా అంటావు. అదే చూపించి వస్తాను."

"వద్దు."

"ఎందుకు?"

"వద్దన్నాను."

భయపడుతూనే వెళ్లమని నేర్పినవాడు వద్దంటున్నాడేమిటా అనుకుంది పానా. వయసు మీద పడింది, పాపం ఆయనకీ భయం పట్టుకున్నట్టుంది అనుకుని, లోపల్లోపల కొంచెం నవ్వుకుంది కూడా. ఆయన పడుకున్నాక సంచీ తీసుకుని బయల్దేరింది.

ఇక్కడినించి నేను చెప్పేది పానా నాకు చెప్పినదే.

* * *

వెనకగదిలో ఒక కుర్చీ, ఒక బీరువా, ఒక కిటికీ. లైటు ఆర్పేశారు. టీచరమ్మ కుర్చీలో కూచుంది. పానా నేలమీద, గోడకి అరచెయ్యి ఆనించి కూచుంది. రెండైంది... రెండున్నరైంది... కిటికీ బయట ఆకు కూడా కదలడం లేదు.

మూడు దాటింది.

అరచేతి కింద గోడ ఒక్కసారి వణికింది.

టక్.

పానా చెయ్యి వెనక్కి లాగేసుకుంది. ఇన్నేళ్ల పనిలో ఎన్నో గోడలు తాకింది గాని, లోపల్నించి తిరిగి తాకిన గోడ ఇదే.

"విన్నావా?" టీచరమ్మ గుసగుసగా అంది.

"ఊఁ."

టక్... టక్ టక్ టక్.

మొదట భుజమెత్తులో. తర్వాత నడుమెత్తులో. ఆ తర్వాత ఇంకా కిందికి, పానా మోకాలి పక్కనే... నిలబడ్డ మనిషి మెల్లగా కూలబడుతూ తడుతున్నట్టు.

పానా భయపడుతూనే మళ్లీ చెయ్యి ఆనించింది. ఎక్కువ కొట్టుకుంటున్న చోట వేలితో గుర్తు పెట్టుకుంది. టార్చి వెలిగించి టీచరమ్మ చేతికిచ్చింది. ఉలి ఆనించి, సుత్తితో కొట్టింది.

ప్లాస్టరింగు బిస్కెట్టు ముక్కలా ఊడొచ్చింది. అంత పల్చగా ఎవరు చేశారా అనుకుంది. ఇంకో దెబ్బ. ఇంకోటి. చిన్న చీకటి సందు పడింది. వేళ్లు లోపలికి పెట్టింది...

మెత్తగా తగిలింది.

బట్ట.

"టీచరుగారూ," అంది. "ఏదో బట్ట ఉంది."

టార్చి వెలుగు గోడ మీద అటూ ఇటూ ఊగిపోయింది. అయినా టీచరమ్మ కుర్చీలోంచి లేచి దగ్గరికొచ్చింది.

"లాగు."

పానా కళ్లు మూసుకుని లాగింది. చొక్కా చెయ్యి వస్తుంది అనుకుంది. చొక్కాలో ఇంకేదో వస్తుంది అనుకుంది. దుమ్ము లేచింది. ఏదో చిరిగింది. మూరెడు... బారెడు... మొత్తం ఊడి ఒళ్లో పడింది.

గోనెసంచి. పాత గోనెసంచి.

దాని వెనక, గోడలో కొట్టిన గాడిలో, ఒక ఇనప పైపు నిలువునా వేలాడుతోంది. పైనుంచి కిందిదాకా ఒక్క క్లాంపు లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు. నీళ్లు తోసుకొచ్చే ముందు గాలి కొట్టినప్పుడల్లా అది ఊగుతోంది, ఇటుకలకి తగులుతోంది. పానా చూస్తుండగానే ఇంకోసారి ఊగింది.

టక్.

ఆ తర్వాత నీళ్లు నిండాయి. పైపు కుదురుకుంది. చివర్న ఆ పొడుగాటి శబ్దం... గాలి పోయింది. అంతే. ముప్పై ఏళ్లుగా మా వీధిని గడగడలాడించిన మొగుడుగారు అంతే.

"పైపా," అంది టీచరమ్మ. "పైపే లేదన్నాడే."

పానా టార్చి తీసుకుని పైపు మీద దుమ్ము చేత్తో తుడిచింది. మేస్త్రీలు కొందరు గోడ మూసేముందు, నీళ్లు ఎటు పోతాయో తెలియడానికి పైపు మీద మేకుతో ఒక బాణం గీస్తారు. ఎవరి బాణం వాళ్లది. ఈ బాణానికి తోక దగ్గర రెండు అడ్డగీతలున్నాయి, రెండోది కొంచెం పొడుగ్గా. పానాకి అక్షరాలు రాకముందే ఆ బాణం వచ్చు. ఇంకెవరూ వెయ్యకూడదని, తన పనిమీదే ఉండాలని, తనతో పనిచేసే సొంత తమ్ముడిని కూడా వెయ్యనివ్వకుండా తండ్రి దాచుకున్న గుర్తు అది.

ఆ గుర్తుని అరచేత్తో మూసేసింది. ఎందుకు మూసిందో తనకే తెలీదంది నాతో.

అప్పుడు మళ్లీ వినపడింది.

టక్.

పైపు కదల్లేదు. పానా దాన్ని పట్టుకునే ఉంది.

టక్... టక్...

టీచరమ్మ పానా భుజం గట్టిగా పట్టుకుంది. "గోడలోంచి కాదు," అంది, వినీ వినపడనట్టు. "బయట్నించి..."

వీధిలోంచి వస్తోంది. గేటు దాటింది. ఒక్కో మెట్టూ ఎక్కుతోంది. టక్... ఆగి, ఊపిరి పీల్చుకుని... టక్. వరండా దాటింది. ముందుగదిలో ఉంది. చీకట్లో, గుమ్మానికి అవతల, ఒక వంగిన ఆకారం ఆగింది.

పానా టార్చి ఎత్తలేదు. ఎత్తక్కర్లేకుండానే తెలిసిపోయింది.

"మూసెయ్," అంది ఆ ఆకారం.

పెద్దమేస్త్రి. చేతికర్ర మీద వాలి నిలబడ్డాడు. పైపు లేదని చెప్పి వెళ్లాక ఇన్నేళ్లలో ఆ మలుపు తిరగడం ఆయనకి అదే మొదటిసారి.

టీచరమ్మ వెళ్లి ముందుగదిలో లైటు వేసింది. తండ్రీ కూతుళ్లు ఇద్దరే మిగిలారు.

"నాన్నా, ఒక్క క్లాంపు కూడా లేదు."

"తెలుసు."

"తెలుసా?"

"మర్నాడు పెద్ద పని మొదలవ్వాలి. ఈ పని ఆ రోజుకి తేలిపోవాలి." గుసగుసగానే మాట్లాడుతున్నాడు. "బయట్నించి తిప్పితే ఇంకో రోజు పట్టేది. అప్పటికి క్లాంపుల బదులు గోనెసంచి కుక్కి, మళ్లీ వచ్చి సరిచేద్దాం అనుకున్నా. ఈలోపల టీచరమ్మ మొగుడు ఎటో పోయాడు... ఆర్నెల్లకి సంచి వదులై పైపు కొట్టుకుంది... వీధిలో వాగుడు మొదలైంది... అప్పుడు గోడ తెరిస్తే నా పేరేమవ్వాలి?"

"ఆవిడ పేరేమైందో చూశావుగా."

పెద్దమేస్త్రి కర్రతో పైపు చూపించాడు. "మీ బాబాయి వేశాడని చెప్పు," అన్నాడు. "వాడు పోయి పదేళ్లయింది. వాడికిప్పుడు పోయేదేం లేదు."

తండ్రి ముఖం వంక అంత సేపు ఎప్పుడూ చూడలేదంది పానా. అటక ఎక్కించినవాడు, గోడ పగలగొట్టించినవాడు, ఊళ్లో ప్రతి కొళాయికీ పెదవి విరిచినవాడు... చచ్చిపోయిన తమ్ముడి వెనక దాక్కోడానికి అర్ధరాత్రి కర్ర పట్టుకుని కుంటుకుంటూ వచ్చాడు. ఏడుపు వస్తుందేమో అనుకుంటే రాలేదట. అసహ్యం వచ్చిందట.

"తెల్లారనీ," అంది. "అంతదాకా కూచో."

* * *

తెల్లారింది. అర్ధరాత్రి సుత్తి దెబ్బలు విన్న మా వీధివాళ్లంతా గేటు దగ్గర పోగయ్యారు. నేనూ వెళ్లాను. ఎముకలు చూడ్డానికే వెళ్లాను, అబద్ధమెందుకు. మా అందరి మొహాల్లో ఒకటే ఆత్రం. కండలరాజు ముందు వరసలో ఉన్నాడు. ఆ వాచీ కనపడుతుందేమోనని కాబోలు.

టీచరమ్మ తలుపు తీసింది. "లోపలికి రండి," అంది. "ముప్పై ఏళ్లుగా బయట్నించే చూస్తున్నారు. కాళ్లు నొప్పెట్టుంటాయి."

ఒకళ్లనొకళ్లం తోసుకుంటూ వెళ్లాం. గోడ చూశాం. పైపు చూశాం. కిందపడున్న గోనెసంచి చూశాం. నిజం చెప్పొద్దూ, కొందరికి నిరాశే కలిగింది. కండలరాజు గోనెసంచిని కాలితో కదిపి చూశాడు.

"మరి పైపు లేదన్నారే," అన్నాడు మందుల షాపాయన, పెద్దమేస్త్రి వైపు తిరిగి.

పెద్దమేస్త్రి కుర్చీలో నిటారుగా కూచునున్నాడు. రాత్రంతా అలాగే ఉన్నాడట. ఒకసారి కూతురి వంక చూశాడు. పానా కూడా, పైపు మీద గుర్తుని చేత్తో మూసి నిలబడి, ఆయన్నే చూస్తోంది. తలుపు తీసి పట్టుకుని, ఎవరో లోపలికొస్తారని నిలబడ్డ మనిషిలా చూస్తోంది.

"మా తమ్ముడు చేసుంటాడు," అన్నాడాయన, గొంతు సవరించుకుని. "నాకు తెలీకుండా. ఏడ్చినట్టుంది పని. పోయినవాణ్ణి ఇప్పుడేమంటాం."

అయ్యో పాపం అన్నట్టు మేం తలలూపాం. మాకు ఎవడో ఒక తప్పు చేసినవాడు దొరికితే చాలు, అందులో చచ్చిపోయినవాడైతే మరీ సుఖం.

"బాబాయి కాదు," అంది పానా.

మా తలలు ఊగడం ఆగిపోయింది.

పైపు మీంచి చెయ్యి తీసింది. "ఈ బాణం బాబాయిని ఎప్పుడూ వెయ్యనివ్వలేదు. ఇది మా నాన్నది. పనీ మా నాన్నదే. పైపు లేదని చెప్పిందీ ఆయనే."

ఆ గొంతులో కోపం లేదు. ఎన్ని క్లాంపులున్నాయని అడిగితే చెప్పినట్టు చెప్పింది.

పెద్దమేస్త్రి కర్ర ఆనించి లేచాడు. ఎదురుగా టీచరమ్మ ఉంది. "అమ్మగారూ," అన్నాడు. ఆ మాట ఆయన నోట వినడం మాకదే మొదలు. "నా వల్ల మీ బతుకు..."

"అంత గొప్ప నీకియ్యను మేస్త్రీ," అంది టీచరమ్మ. "నా మొగుడు ఉత్తరం రాసిపెట్టి వెళ్లాడు. ఇంకో ఆవిడతో ఉండటానికి వెళుతున్నాను, వెతకొద్దని. ఆ ఉత్తరం ఆ రోజే చూపిస్తే, గోడలో దెయ్యం లేచేదే కాదు. చూపించలేదు. మొగుడు వదిలేసిన ఆడదని వీళ్లు జాలి పడుతుంటే చూడ్డం కంటే, మొగుణ్ణి చంపిందని దడుచుకుంటుంటే నయమనిపించింది. కనీసం కూరల బేరంలో నాతో ఎవరూ వాదించలేదు." మా అందరి వంకా ఒక్కసారి కళ్లు తిప్పింది. మేం నేల చూశాం. "అది నా పొగరు. నీ పొగరు నీది. రెండూ కలిసి నా చెల్లెల్ని ఈ ఇంట్లోంచి తరిమాయి. ఇప్పుడు ఆ పైపు బిగించు. నీ కూతురు కాదు. నువ్వు."

బిగించాడు. మోకాళ్లు వంగక నేలమీద చతికిలబడి, ఒక్కో క్లాంపూ తన చేత్తోనే బిగించాడు. పానా టార్చి పట్టుకుంది. టీచరమ్మ కుర్చీ జరుపుకుని పక్కనే కూచుంది. ఐదు పెట్టి ఆయన లేవబోతే, "ఇంకోటి పెట్టండి," అంది పానా. అప్పటిదాకా తండ్రిని ఎప్పుడూ మీరు అనలేదు ఆ పిల్ల.

ఆరోది పెట్టాడు.

* * *

టీచరమ్మ చెల్లెలు వచ్చేసింది. అక్కాచెల్లెళ్లిద్దరూ మూడింటికి గాఢంగా గుర్రుపెడుతున్నారు, ఆ చప్పుడు వీధిలోకి వినపడుతోంది గాని దాన్ని ఎవరూ దెయ్యం అనడం లేదు. గోడకి రంగు నేనే వేశాను. ఈసారి నడుం నొప్పి రాలేదు. రంగు వేస్తుంటేనే పానా ఇదంతా చెప్పింది.

ఒక్క ముక్క మాత్రం అప్పుడు చెప్పలేదు. మొన్న ఆదివారం రాత్రి మా ఇంటికొచ్చి చెప్పింది. భోజనాలయ్యాక, తొమ్మిదింటికి, చేతిలో సంచీతో వచ్చింది.

ఆ రోజు పని అయ్యాక తండ్రీ కూతుళ్లిద్దరూ ఇంటికి నడిచి వెళ్లారట. దారిలో ఆయన ఒక్క మాట కూడా అనలేదు. వారం రోజులు ఇంట్లో కూడా అనలేదు. అన్నం పెడితే తిన్నాడు, పడుకున్నాడు. ఎనిమిదో రోజున, పానా దీపం తీసేస్తుంటే, గోడవైపు తిరిగి పడుకుని అన్నాడట —

"ఇంకా రెండిళ్లున్నాయి."

పానాకి మొదట అర్థం కాలేదు. "ఏమిటి?" అంది.

"అలాంటివే. ఇంకా రెండు. చెప్తాను, రాసుకో."

"ఎవరివి?" అని నేనడిగాను పానాని, నవ్వుతూ. ఎవరి పరువు పోతుందో తెలుసుకోవాలని నాకు మళ్లీ ఆత్రం. బుద్ధి ఎక్కడికి పోతుంది.

పానా నవ్వలేదు. సంచీ కింద పెట్టింది. మా పడకగదిలోకి నడిచి వెళ్లి, మంచం తలవైపు గోడకి అరచెయ్యి ఆనించింది.

"మా ఇంట్లో ఏ చప్పుడూ లేదు పానా," అన్నాను. "ముప్పై ఏళ్లుగా ఇక్కడే పడుకుంటున్నాను. ఒక్క రోజు కూడా వినలేదు."

"అదే అన్నా నాకూ భయం," అంది మెల్లగా. చెయ్యి తీసి నాకు చూపించింది. అరచెయ్యి తడిగా ఉంది. "దీనికి చప్పుడు లేదు, లోపల్లోపలే కారి గోడంతా నానిపోయింది. వదిన్ని, పిల్లల్ని లేపి బయటికి తీసుకురా. మంచం సంగతి తర్వాత చూద్దాం."